లోపలి మనిషితో మాట్లాడుతూ ఉండాలి

జూన్ 3

ఇల్లు దొరికింది. రెండు గదులు, ఒక వంటిల్లు, ముగ్గురం ఒకేసారి నిలబడితే ఎవరో ఒకరు లోపలికి రావలసిన బాల్కనీ. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు. సామాను మోసుకుంటూ పైకి వచ్చిన లాయర్ చాప మీద పడిపోయి, "లిఫ్టుల కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్న మహాతల్లిని వెంటబెట్టుకుని ఈ మెట్లేంటే నాకు!" అంది.

లాయర్ చదివింది లా కాదు. కాలేజీలో మా హాజరు తగ్గినప్పుడల్లా ప్రిన్సిపాల్‌తో వాదించి గెలిచేది కాబట్టి ఆ పేరు. ఇక మాలో మూడోది రేడియో. ఆ పేరెందుకొచ్చిందో దానితో ఒక పూట గడిపిన వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఉద్యోగం ముందు నాకే వచ్చింది. దాని గురించి ఇప్పుడు రాయను.

జూన్ 5

సరే, రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక.

ఇంటర్వ్యూ ఫోన్‌లో జరిగింది. "హలో" వరకూ నేనే. ఆ తర్వాత నోరు పెగల్లేదు. చిన్నప్పటి నుంచీ ఇంతే. మనిషి ఎదురుగా ఉంటే మాట్లాడతాను, అవసరమైతే పోట్లాడతాను. ఫోన్ చెవికి ఆనిస్తే మాత్రం గొంతుకి తాళం పడుతుంది. అమ్మ ఫోన్ చేసినా ఊఁ, ఆఁ తప్ప ఏమీ ఉండదు. అందుకే వీళ్ళు నాకు మూగనోము అని పేరు పెట్టారు. ముద్దొస్తే నోము.

రేడియో పక్కనే కూర్చుని గోళ్ళకి రంగు వేసుకుంటోంది. నా మొహం చూసింది, తడి గోళ్ళతోనే ఫోన్ లాక్కుంది, నాలాగా మాట్లాడటం మొదలుపెట్టింది. నేనెప్పుడూ అంత బాగా మాట్లాడలేదు. అవతలాయన పడిపోయాడు. "ఎప్పుడు చేరతారమ్మా?" అన్నాడు. రేడియో నా వైపు చూసి కళ్ళెగరేసి "ఎప్పుడంటే అప్పుడేనండీ" అంది.

దానికి ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. ఎక్కడికి వెళ్ళినా ముందు పట్టా చూపించమంటున్నారు. నాకు పట్టా ఉంది, గొంతు లేదు. "ఇద్దర్నీ కలిపి కుడితే నిఖార్సయిన ఉద్యోగస్తురాలు తయారవుతుందే" అంది. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

కొన్నాళ్ళే. నాకు అలవాటయ్యే దాకా.

జూన్ 9

మొదటి రోజు గడిచింది.

ఇంటి నుంచే పని. ఎవరైనా లిఫ్టులో ఆగిపోయి లోపల ఉన్న గంట బొత్తాం నొక్కితే ఆ కాల్ మాకు కంపెనీ ఇచ్చిన కంప్యూటర్‌లోకి వస్తుంది. మెకానిక్ వెళ్ళి తలుపు తెరిచే దాకా ఫోన్ పెట్టకూడదు. లోపలి మనిషితో మాట్లాడుతూ ఉండాలి. కాసేపు మాట వినబడకపోతే తెర మీద ఎర్ర గుర్తు వస్తుంది. మన పేరు చెప్పకూడదు. "ఇరుక్కున్నారు" అనే మాట అసలు వాడకూడదు. "లిఫ్ట్ కాసేపు ఆగిందండీ" అనాలట. లోపల ఉన్నవాళ్ళకి తెలియదు కాబోలు ఇరుక్కున్నామని.

హెడ్‌సెట్ రేడియో పెట్టుకుంటుంది. నేను పక్కన కూర్చుని ఏ మెకానిక్ దగ్గర్లో ఉన్నాడో చూసి పంపిస్తాను, వివరాలన్నీ ఎక్కిస్తాను, కాగితం మీద రాసి దానికి చూపిస్తాను. సగం పని నాది. జీతమూ చెరిసగం.

పొద్దున్నే ఒకావిడ ఏడుస్తూ ఫోన్ చేసింది. రేడియో "సంచిలో ఏం కొన్నారేంటి?" అని మొదలుపెట్టి, తలుపు తెరిచేసరికి ఆవిడ చేత తోడికోడలి సంగతులన్నీ చెప్పించింది. సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేసి "మీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుందమ్మా" అన్నాడు. నాకు ఎంత గర్వం వేసిందో. ఎందుకు వేసిందో మరి.

జూన్ 17

ఫ్యాన్ చప్పుడు వినబడుతోందని కంపెనీ వాళ్ళు అన్నారు. ఫ్యాన్ కట్టేశాం. కింద వెల్డింగ్ షాపు, అందుకని కిటికీ మూసేశాం. రేడియో పగలంతా తడి తువ్వాలు మెడకి చుట్టుకుని కూర్చుంటుంది. కాళ్ళు తిమ్మిరెక్కితే నిలబడి మాట్లాడుతుంది. హెడ్‌సెట్ తీగ ఎంత దూరం వస్తే అంత దూరమే దాని నడక. బాత్రూంకి వెళ్ళాలన్నా నా మొహం చూసి, తెర చూసి, పరిగెత్తుకెళ్ళి వస్తుంది.

లాయర్ పరుపుల దుకాణంలో పనిచేస్తోంది. ఈరోజు దానికి సెలవు. కుక్కర్ పెట్టొద్దన్నాం, కుళాయి గట్టిగా తిప్పొద్దన్నాం, తుమ్మొస్తే బాల్కనీలోకి వెళ్ళి తుమ్మమన్నాం. "అద్దె కట్టి మరీ దొంగలా బతకాల్సి వచ్చింది. నా దుకాణానికే పోతాను, అక్కడ పరుపులైనా ఉన్నాయి" అని వెళ్ళిపోయింది.

జూన్ 24

ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఉండే భవనంలో లిఫ్ట్ వారానికోసారైనా మొరాయిస్తుంది, అది మొరాయించినప్పుడల్లా లోపల ఆయనే ఉంటారు. "అమ్మాయ్, నేనేనమ్మా, మళ్ళీ వచ్చాను" అంటారు, మేమేదో పేరంటానికి పిలిచినట్టు. రేడియో "రండి రండి, కూర్చోండి" అంటుంది. ఈరోజు ఆయన వాళ్ళావిడ మీద చాడీలు చెబితే ఇది ఆవిడ పక్షం వాదించింది. తలుపు తెరుచుకున్నా ఆయనకి వెళ్ళబుద్ధి కాలేదు.

సాయంత్రం రేడియో మాతో మాట్లాడలేదు. అన్నం కలుపుకుంటూ, "మాటలన్నీ అక్కడే అయిపోతున్నాయే" అంది.

జూలై 2

ఈ రోజు నుంచి నేను ప్రాక్టీసు చేయాలి. లాయర్ పక్క గదిలోంచి ఫోన్ చేస్తుంది, నేను ఎత్తాలి. నాకు తలనొప్పిగా ఉంది. రేపు.

జూలై 6

రేపు కుదరలేదు.

జూలై 8

అమ్మ ఫోన్ చేసింది. "రోజంతా మాట్లాడి మాట్లాడి గొంతు అరిగిపోతుందేమోనే, వేడినీళ్ళు తాగు" అంది. ఊఁ అన్నాను. "చూడు, నాతో మాట్లాడే ఓపిక కూడా ఉండట్లేదు పాపం" అని నాన్నతో చెప్పడం వినిపించింది.

రేడియోకి వేడినీళ్ళు పెట్టి ఇచ్చాను.

జూలై 11

ఇక్కడికి రెండు వీధుల అవతల చంటిపిల్లల స్కూలు ఉంది. కథలు చెప్పడానికి, ఆడించడానికి ఒక మనిషి కావాలట. పట్టా అడగరు. ఆదివారం రేడియో వెళ్ళి మాట్లాడింది. అక్కడి పెద్దావిడ ఎదుటే ఒక పిల్లాడు దీని ఒళ్ళో నిద్రపోయాడట. "ఫోన్ చేస్తాం, ఎత్తితే చాలు, మర్నాడే వచ్చెయ్యి" అందట ఆవిడ.

ఇంటికి వచ్చి గదిలో గిరగిరా తిరిగింది. తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుని, "వస్తే వెళ్ళనా నోమూ?" అంది.

"పిచ్చిమొహమా, అడగాలా?" అన్నాను. సంతోషంగానే అన్నాను.

లాయర్ ఊరుకోదు కదా. "అది వెళ్తే నీ గతేంటి?"

"నేర్చుకుంటాను."

"ఎప్పుడు?"

"ఇది కోర్టు కాదు" అన్నాను.

అన్నం సగంలో లేచాను. ఉక్కపోతకి ఏమీ తినబుద్ధి కావట్లేదు.

జూలై 14

రేడియో స్నానానికి వెళ్ళింది. దాని ఫోన్ మంచం మీద మోగింది. నేను ఫోన్లు ఎత్తను. ఈ సంగతి అందరికీ తెలుసు.

జూలై 15

మళ్ళీ మోగింది. మోగడం అంటే వెలిగింది. డ్యూటీలో దాని ఫోన్ చప్పుడు రాకుండా పెట్టి నా పక్కన ఉంచుతాం. ఒకసారి పదిన్నరకి, ఒకసారి భోజనం ముందు. రేడియో అప్పుడు లోపలి మనిషితో మాట్లాడుతోంది, భయపడిపోయి ఉన్న మనిషి. తలుపు తెరిచే దాకా కదలకూడదు. ఆ రూలు నేను పెట్టలేదు.

తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత వరసపెట్టి ఫోన్లు.

జూలై 16

రేడియో ఫోన్ నిండిపోయింది, అడుగడుగునా ఆగిపోతోంది. ఎప్పటినుంచో శుభ్రం చెయ్యమని నన్ను అడుగుతోంది. పాత ఫోటోలు, పనికిరాని మెసేజీలు, వచ్చిన ఫోన్ల జాబితా అన్నీ తీసేశాను. ఇప్పుడు చక్కగా నడుస్తోంది. "బంగారు తల్లివే" అంది.

జూలై 20

"నేను నచ్చలేదేమోనే వాళ్ళకి" అంది రేడియో.

"వాళ్ళకే అదృష్టం లేదు" అన్నాను.

లాయర్ పళ్ళెం కడుగుతూ ఆగి నా వైపు చూసింది. చూడలేదేమో కూడా. ఈ మధ్య అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపిస్తోంది.

జూలై 23

ఈ ఇంట్లో గాలి ఆడదు.

జూలై 26

రేడియో గొంతు బొంగురుపోయింది. ఫోన్‌కీ ఫోన్‌కీ మధ్య బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటోంది. ఈ రోజు ఒకసారి తల ఎత్తితే కళ్ళు తడిగా ఉన్నాయి. "ఏమైందే?" అన్నాను.

"ఏమీ లేదు. వాళ్ళందరికీ ఎవడో ఒకడు వచ్చి తలుపు తీస్తాడు కదా అనుకుంటున్నాను" అంది. అంతలో ఫోన్ వచ్చింది. ముక్కు తుడుచుకుని "నమస్కారమండీ, నేను మీతోనే ఉన్నాను" అంది, నవ్వుతున్న గొంతుతో. అది ఎలా చేయగలుగుతుందో నాకు అర్థం కాదు.

నేనూ అదే గదిలో ఉన్నాను. నాకూ ఫ్యాన్ లేదు. ఉద్యోగం పోతే ముగ్గురం రోడ్డున పడతాం. ఇది నా ఒక్కదాని కోసం కాదు. ఈ మాట ఎవరికైనా చెప్పాలి. ఎవరికి చెప్పను?

జూలై 29

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే రేడియో అంది, "భోజనం టైములో ఆ స్కూలుకి వెళ్ళి అడిగి వస్తాను. ఎందుకు నచ్చలేదో తెలిస్తే మనసు కుదుటపడుతుంది."

"పిలవని చోటికి వెళ్తే బాగుండదు, చులకనైపోతావు" అన్నాను. రెండుసార్లు అన్నాను. వినలేదు. "భోజనం టైములో ఫోన్లు రావులే, చిటికెలో వచ్చేస్తా" అని చెప్పులు వేసుకుంది. పట్టపగలు దాని కాళ్ళకి చెప్పులు చూసి చాలా రోజులైంది. మెట్ల మీద దాని చప్పుడు కింది దాకా విన్నాను.

ఫోన్ వచ్చింది.

పెద్దాయన వాళ్ళ లిఫ్ట్ నంబరు. హెడ్‌సెట్ పెట్టుకున్నాను, వింటేనే కదా తెలిసేది. "అమ్మాయ్, నేనేనమ్మా" అన్నారు. నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. దగ్గర్లో ఉన్న మెకానిక్‌కి కబురు వెళ్ళిపోయింది. తెర మీద ఎర్ర గుర్తు వచ్చింది.

"అమ్మాయ్, ఉన్నావా? ఈసారి లైటు కూడా పోయిందమ్మా."

ఎప్పుడూ సరదాగా ఉండే మనిషి. ఊపిరి ఎగపీలుస్తున్నట్టు వినిపించింది. గోడ తడుముతున్న చప్పుడు. "ఎవరూ లేనట్టున్నారు" అనుకున్నారు తనలో తను.

"ఉన్నాను" అన్నాను.

తుప్పు పట్టిన గేటు తీసినట్టు వచ్చింది మాట. వచ్చింది మాత్రం నా నోట్లోంచే.

"ఎవరూ?"

"నేనేనండీ."

"నువ్వు కాదే! ఆ అమ్మాయేది?"

"తను బయటికి వెళ్ళిందండీ. నేను... నేను రాసే అమ్మాయిని."

"ఓహో. అంటే మాట్లాడటం నీ పని కాదన్నమాట."

"కాదండీ."

"చీకట్లో నిలబడటం నా పనీ కాదు. ఏం చేస్తాం, ఇద్దరం సర్దుకుందాం, కానీ."

నాకు నవ్వొచ్చింది. ఫోన్‌లో నేను నవ్వడం నాకే కొత్తగా వినిపించింది. సంచిలో ఏం కొన్నారని అడిగాను. గుడ్లట. కింద పెడితే తొక్కుతానేమోనని గుండెకి హత్తుకుని నిలబడ్డారట. "మా ఆవిడని కూడా ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదమ్మా" అన్నారు. ఆవిడకి చెబుతానన్నాను. చెప్పొద్దని బతిమాలారు. ఆ అమ్మాయి ఎక్కడికెళ్ళిందని అడిగితే, కొత్త ఉద్యోగం సంగతి కనుక్కోవడానికన్నాను. మాటలు వాటంతటవే వస్తున్నాయి. ఇంకా మాట్లాడాలని కూడా ఉంది. తలుపు తెరిచిన చప్పుడు, వెలుగు చూసిన ఆయన "అమ్మయ్య" అనడం, మెకానిక్ పలకరింపు, అన్నీ విన్నాను. వినేసి, హెడ్‌సెట్ తీసేసి, గదిలో ఒక్కదాన్నే నిలబడి "హలో, హలో" అనుకున్నాను పిచ్చిదానిలా.

రేడియో వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చుండిపోయింది.

"మూడుసార్లు ఫోన్ చేశారట నోమూ. ఎత్తకపోతే ఇష్టం లేదేమోనని వేరే అమ్మాయిని పెట్టుకున్నారు. నా ఫోన్‌లో ఒక్కటీ లేదు. ఈ దిక్కుమాలిన ఫోను పాడైపోయింది, నాకు తెలియనే లేదు."

ఎదురుగా ఉంది. ఎదురుగా ఉన్నవాళ్ళతో నేను మాట్లాడగలను.

"నేను మాట్లాడాను" అన్నాను. "పెద్దాయనతో. తలుపు తెరిచే దాకా."

రేడియో ఒక్క క్షణం నన్ను చూసింది. లేచి వచ్చి నన్ను వాటేసుకుంది. బాల్కనీలోకి పరిగెత్తి, "మా నోము మాట్లాడిందోయ్!" అని వెల్డింగ్ షాపు వాళ్ళకి వినబడేలా అరిచింది. బుగ్గల మీద ఇందాకటి ఏడుపు ఇంకా ఆరలేదు.

జూలై 30

లాయర్ కేకు తెచ్చింది. నా చేత కోయించారు. తినలేకపోయాను.

జూలై 31

చెప్పేశాను.

పొద్దున్న హెడ్‌సెట్ నాకు తొడుగుతూ, "ఇవాళంతా నువ్వే, నేను పక్కన రాసి పెడతాను" అంది. దాని చేతులు నా జుట్టులో ఉండగానే చెప్పాను. మోగినప్పుడు చూశాననీ, అది స్కూలు నంబరని తెలుసుననీ, ఎవరో చేశారన్న గుర్తు అప్పటికప్పుడే చెరిపేశాననీ, జాబితా తీసేసింది అందుకేననీ.

అరుస్తుందనుకున్నాను. చేతులు వెనక్కి తీసుకుంది. ఎదురుగా వచ్చి కూర్చుంది. అది మాట్లాడకుండా కూర్చుంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. లాయర్ పనికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

తర్వాత రేడియో మామూలు గొంతుతోనే అడిగింది. "మొన్న నీకు మాట వచ్చింది. ఈ రోజు చెప్పావు. మొన్న మాట రాకపోయి ఉంటే చెప్పేదానివా?"

అప్పుడే ఫోన్ వచ్చింది. ఎత్తాను. ఎత్తకుండా ఎలా ఉంటాను, లోపల ఎవరో ఉన్నారు. తలుపు తెరుచుకుని నేను హెడ్‌సెట్ తీసేసరికి రేడియో బట్టలు సర్దుకుంటోంది.

ఆగస్టు 1

రేడియో వాళ్ళ పిన్ని కూతురి గదికి వెళ్ళిపోయింది. లాయర్ పెట్టె మోస్తూ కింది దాకా వెళ్ళింది. పైకి వచ్చాక నాతో ఏమీ వాదించలేదు. వాదిస్తే బాగుండేది.

ఆగస్టు 3

చెప్పేదాన్నే. తప్పకుండా చెప్పేదాన్ని. ఇంకో వారానికైనా. దాని గొంతు అలా అయిపోతుంటే చూస్తూ ఊరుకునేదాన్నా?

ఆగస్టు 4

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. "జలుబు చేసిందామ్మా? గొంతు మారింది."

"అవునండీ."

"త్వరగా తగ్గించుకోండి. జనం మీ పాత గొంతు అడుగుతున్నారు."

ఇక జీవితాంతం నాకు జలుబే. లాయర్‌కి చెబితే నవ్వేదే. చెప్పలేదు.

పెద్దాయన ఫోన్ చేస్తే మాట్లాడాను. "ఆ అమ్మాయికి ఉద్యోగం దొరికిందా?" అని అడిగారు. దొరకలేదండీ అన్నాను. "అయ్యో, ఎందుకనీ?" అన్నారు. ఆయన తలుపు తెరుచుకునే దాకా ఏవేవో మాట్లాడాను.

ఆగస్టు 6

మొన్న మూడో తారీఖున రాసింది చదివాను. నా కోసమే రాసుకునే చోట కూడా ఇలా రాశానంటే ఏమనుకోవాలి నన్ను?

ఆగస్టు 7

పొద్దున్నే, డ్యూటీకి ముందు, రేడియోకి ఫోన్ చేశాను. నా అంతట నేను ఎవరికైనా ఫోన్ చేయడం ఇదే మొదలు. మోగినంత సేపూ ఎత్తకపోతే బాగుండు అనుకున్నాను. ఎత్తింది. హలో అనలేదు.

"నువ్వు అడిగినదానికి," అన్నాను. "చెప్పేదాన్ని కాదు."

సగం చెప్పి ఆపకూడదనిపించింది.

"నాకు మాట రాకపోయుంటే చెప్పేదాన్ని కాదు. నీ గొంతు పూర్తిగా పోయినా చెప్పేదాన్ని కాదేమో."

"ఇది చెప్పడానికా ఫోన్ చేశావు?"

"ఊఁ."

"మొట్టమొదటిసారి నాకు ఫోన్ చేసి చెప్పాల్సిన మాటేనా ఇది!" అంది. ఆ తర్వాత ఒక చప్పుడు వచ్చింది, ఫోన్ పెట్టేసింది. నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు. ఎదురుగా ఉంటే తెలిసేది.